సాక్ష్యంలో మాత్ర పేరు కూడా చెప్పాను

నాకు జ్వరం ఎందుకు వచ్చిందన్న దానికి మా ఊళ్లో రెండు కారణాలు ప్రచారమయ్యాయి. సమాధి దగ్గర గాలి సోకిందని పక్కింటి వదిన అంది. సమాధి దగ్గర కూర్చుని ఏడ్చినందుకు దేవుడు దెబ్బ కొట్టాడని మా చర్చి సంఘ పెద్ద ఒకాయన అన్నారు. ఇద్దరూ చూపించిన చోటు ఒక్కటే. గజపతినగరం అవతల మా పుట్టింటి వారి జీడితోటలో ఉన్న మా తమ్ముడి సమాధి. చోటు విషయంలో ఇద్దరి మాటా నిజమే, జబ్బు నాకు అంటుకున్నది అక్కడే. కానీ అంటించింది గాలీ కాదు, దేవుడూ కాదు. కంటికి ఆనని ఒక పురుగు పిల్ల.

దాన్ని చిగ్గర్ అంటారు. పొదల్లో, ఏపుగా పెరిగిన గడ్డిలో ఉంటుంది. అది కుట్టినప్పుడు ఒంట్లో చేరే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జ్వరమే స్క్రబ్ టైఫస్. కుట్టిన వెంటనే ఏమీ తెలియదు. సాధారణంగా వారం పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం బయటపడుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ఇవన్నీ ఇప్పుడు నోటికి వచ్చేశాయి గానీ, మంచం పట్టే నాటికి ఆ జబ్బు పేరైనా నేను వినలేదు.

తమ్ముడి సంగతి ముందు చెప్పాలి. వాడికి చిన్నతనం నుంచి చక్కెర జబ్బు, ఇన్సులిన్ తప్ప మరో దారి లేని రకం. ఉదయం, రాత్రి తానే పొట్టకు సూది వేసుకుని పొలానికి వెళ్లేవాడు, ఆదివారం మందిరంలో డోలక్ వాయించేవాడు. నాకు జ్వరం రావడానికి ముందు ఏడాది, వానలు తగ్గే రోజుల్లో, మా మండలంలో స్వస్థత కూటాలు జరిగాయి. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు వేదిక మీద నుంచి, సూదిని నమ్ముకున్నవాడు యేసును నమ్మినట్టు కాదని చెప్పాడు. వాడు ఇంటికి వచ్చి మందు సీసాలు పారేశాడు. మాకు కబురు అందేసరికి ఊపిరి బరువుగా, లోతుగా తీస్తున్నాడు. ఆసుపత్రికి చేర్చాం గానీ నిలవలేదు. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఆపితే రక్తం ఆమ్లంగా మారి రోజుల్లోనే ప్రాణం పోవచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ తరువాత ఆదరణ కూడికలో, వాడి భార్య వినేలా, వాడి విశ్వాసంలో ఏదో కొరత ఉండి ఉంటుందని ఒకరు అన్నారు. ప్రాణం పోయేంతగా నమ్మినవాడికి విశ్వాసం కొరతట! ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

వాడు పోయిన రోజు మళ్లీ వస్తోందని నేనూ అమ్మా కొడవళ్లు పట్టుకుని వెళ్లి సమాధి చుట్టూ పెరిగిన గడ్డి కోశాం. పని అయ్యాక చాలాసేపు ఆ గడ్డిలోనే కూర్చున్నాం. అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇందులో ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం లేదు. కాసేపట్లో తానే లేపబోతున్నాడని తెలిసి కూడా లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నిరీక్షణ, అంటే ఆశ, లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు రాశాడు గానీ, అసలు దుఃఖపడవద్దని రాయలేదు.

జ్వరం వచ్చాక జరిగిన తతంగం మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, సెలైన్లు. తగ్గకపోతే విజయనగరంలో ఒక నర్సింగ్ హోము. అక్కడ వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోగానే డెంగీ కావచ్చన్నారు. పెద్ద డాక్టరు ఉదయం, సాయంత్రం మంచం కాళ్ల దగ్గర నిలబడి కాగితాలు చూసి వెళ్లిపోయేవాడు. ఒంటి మీద చెయ్యి వేసి చూసిన పాపాన పోలేదు. అతని మీద కోపం తగ్గించుకోవాలని ప్రార్థన చేస్తున్నాను, ఇంకా పూర్తిగా తగ్గలేదు.

నాకు ఊపిరి అందకుండా పోయింది తొలేళ్ల రాత్రి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందు రోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ విజయనగరంలో ఇసుక వేస్తే రాలదు. మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి డప్పుల చప్పుడు కిటికీ అద్దాలను అదరగొడుతోంది. ప్లేట్‌లెట్ల కోసం రక్తనిధికి వెళ్లిన మా ఆయన ఆ జనంలో ఇరుక్కుపోయాడు. అవసరమైతే విశాఖపట్నం తీసుకెళ్లాల్సి ఉంటుందని నర్సు వచ్చి చెప్పింది. ఈ జనంలో అంబులెన్సు ఎలా కదులుతుందో మాత్రం చెప్పలేదు.

సంఘ పెద్ద వచ్చింది ఆ సాయంత్రమే. కమలా పండ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక నా వైపు వంగి, "మీ కుటుంబం మీద దేవుని చెయ్యి ఇంకా బరువుగానే ఉందమ్మా. చచ్చినవాడి దగ్గర ఏడుపు మానమని ఆ రోజే చెప్పాను. ఇప్పటికైనా దాచిన పాపం ఏదన్నా ఉంటే ఒప్పుకో" అన్నారు. నోటి మీద ఆక్సిజన్ మాస్కు ఉంది, జవాబు చెప్పే వీలు లేదు. ఆయన వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం మంచం దగ్గరే ఉండిపోయింది. డిగ్రీలు చదివాను, బడిలో పాఠాలు చెబుతాను, అయినా ఆ రాత్రి చిన్ననాటి నుంచి చేసినవన్నీ ఒక్కొక్కటే తవ్వి చూసుకున్నాను. ఊపిరి అందని మనిషి చేత ఆ పని చేయించడం కన్నా క్రూరమైనది ఉంటుందా?

పరలోక ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. నీ చిత్తము అనే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు కదిలేది కాదు. ఆయన చిత్తం తమ్ముడి విషయంలో ఏమయిందో చూశాను కదా అనిపించేది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని. మళ్లీ అక్కడే ఆగేదాన్ని. మాస్కు లోపల రబ్బరు వాసన, నా ఊపిరి తేమ, బయట డప్పులు. తెల్లవారదేమో అనుకున్నాను.

పక్కింటి వదిన ఆ రాత్రంతా నా దగ్గరే ఉంది. ప్రతి ఏడాదీ తొలేళ్లకు ఘటం పట్టే మనిషి, నా కోసం ఆ ఏడాది మానేసింది. ముందు ఒక తాయెత్తు తెచ్చింది. వద్దు వదినా అన్నట్టు తల ఊపాను. ఆవిడ కోపగించుకోలేదు, కొంగున ముడేసుకుని, "సరే, మీ దేవుణ్ణే తలచుకో, నేను కాళ్లు పడతాను" అంది. పడుతూనే, నన్ను మెలకువగా ఉంచడానికి, పైడితల్లి కథ చెప్పింది. చిన్నప్పటి నుంచి విన్నదే. 1757 బొబ్బిలి యుద్ధంలో పూసపాటి విజయరామరాజు చనిపోతే, అన్న పోయాడన్న దుఃఖం తట్టుకోలేక చెల్లెలు పైడిమాంబ ప్రాణం విడిచిందని, పెద్దచెరువులో దొరికిన విగ్రహం ఆమెదేనని చెప్పుకుంటారు. అన్ని ఏళ్లూ ఆ పండుగను మన పండుగ కాదు అని పక్కన పెట్టిన నాకు, తోడబుట్టినవాడి కోసం ఏడ్చిన ఆడబిడ్డ కథ అది అని ఆ రాత్రే గుండెకు తాకింది. నా మొక్కు యేసుక్రీస్తుకే, అందులో మార్పు లేదు. కానీ ఏడుపును తప్పు పట్టని ఊరు నా చుట్టూ ఉన్నందుకు ఆయనకే వందనాలు చెప్పాను.

రాత్రి బాగా పొద్దుపోయాక మా పాస్టరు అయ్యగారు వచ్చారు. పెద్ద వయసు, బస్సులు ఊరి బయటే ఆపేస్తే అక్కడి నుంచి నడిచి వచ్చారు. చెప్పులు గది బయట విడిచి, ప్లాస్టిక్ కవరులోంచి బైబిలు తీసి, తెరవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. బైబిల్లో, కష్టాలపాలైన యోబును చూడవచ్చిన స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే, నోరు తెరవక ముందు ఏడు రోజులు అతనితో పాటు నేల మీద కూర్చోవడం. చదవమన్నట్టు నేనే సైగ చేస్తే 88వ కీర్తన చదివారు. చాలా మొరల్లా అది చివరకు స్తోత్రంలోకి తిరగదు, చీకటితోనే ముగుస్తుంది. ముగిశాక ఆయన దానికి ఒక్క ఓదార్పు మాట కూడా తగిలించలేదు. పుస్తకం మూశారు. ఆ రాత్రి నాకు దేవుడు ఉన్నాడని అనిపించిన క్షణం అదే. ఇలాంటి ప్రార్థన కూడా తన గ్రంథంలో రాయించుకున్నవాడు నా నోరు ఆగిపోయినందుకు కోపగించుకోడులే అనుకున్నాను.

రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మ మా పెద్దమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దది కావచ్చు. కాగితాలు పక్కన పెట్టి, "ఈ మధ్య పొదల్లోకి, తోటల్లోకి ఏమైనా వెళ్లారా అమ్మా?" అని అడిగింది. వదినే జవాబు చెప్పింది. వెంటనే తెర అడ్డం లాగి, చంకలు, మెడ వెనక, మోకాళ్ల వెనక, అంతా టార్చి వేసి వెతికింది. నడుము దగ్గర, లంగా బొందు ఒరుసుకునే చోట ఆగింది. సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే నాకు తెలియనే లేదు. "ఇదిగో దొరికింది" అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగలేదు, అప్పటికప్పుడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించింది. రెండో రోజుకు జ్వరం దిగింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గడానికి ఇంకా కొంత కాలం పట్టింది, నీరసం క్రిస్మస్ దాకా వదల్లేదు. ఆ అమ్మాయి కోసం మా ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తాం.

డాక్సీసైక్లిన్ కొత్త మందూ కాదు, ఖరీదైనదీ కాదు. ఇంటికి వచ్చాక దీని గురించి దొరికినదల్లా చదివాను. 2023లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు దేశంలోని మరికొన్ని ఆసుపత్రులతో కలిసి చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. జబ్బు ముదిరినప్పుడు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒక్కటి ఇచ్చిన దానికన్నా మేలని తేలింది. ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. ఆమె ప్రార్థనాపరురాలు కాదని ఆ ప్రసంగీకుడు అనగలడా? అంత దూరం ఎందుకు, పక్కనే శ్రీకాకుళం జిల్లా సోంపేట ఉంది. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ ఏళ్ల తరబడి కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆ పని చూసే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. మా నాయనమ్మ కంటి పొర తీయించుకున్నది సోంపేటలోనే. చూపు వచ్చాక ఆవిడ మొదట చదివింది మత్తయి సువార్త అని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా జిల్లాల్లో సువార్త, మందు సీసా చాలా చోట్ల కలిసే నడిచాయి. బైబిల్లో హిజ్కియా రాజు ప్రార్థన విన్న దేవుడే, యెషయా ప్రవక్త చేత అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అది అవిశ్వాసమా?

క్రిస్మస్‌కు ముందు కృతజ్ఞత కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. సంఘ పెద్ద మొదటి వరుసలో ఉన్నారు. ప్రార్థన వల్ల బతికాను, ఇంకే మందూ పనిచేయలేదు అని చెబితే పదిమందికి బలం వస్తుందని ముందే నాకు సలహా ఇచ్చారు. నేను లేచి డాక్టరమ్మ సంగతి, మాత్ర పేరు, వదిన పేరు, అయ్యగారి పేరు చెప్పాను. వీటన్నిటినీ పంపినవాడు దేవుడే అన్నాను. ఆ తరువాత తమ్ముడి మాట ఎత్తాను. నేను బతకడం నా విశ్వాసానికి రుజువైతే, వాడు పోవడం దేనికి రుజువు? అలా లెక్క కట్టేవాళ్లు వాడి భార్య ముఖం చూసి చెప్పండి అన్నాను. మరదలు వెనక వరుసలో ఉంది. ఎవరూ హల్లెలూయ అనలేదు. కూడిక అయ్యాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, అంత మాట అనాల్సింది కాదమ్మా అన్నారు. మీరు ఆ రాత్రి అన్నది గుర్తుందా అని అడిగాను. గుర్తు లేదట.

చదివేవారికి ఒక మాట. వానలు తగ్గే రోజుల్లో జ్వరం వచ్చి మామూలు మందులకు లొంగకపోతే, తోటకో పొలానికో వెళ్లిన సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఒళ్లంతా ఇంట్లోవాళ్ల చేత వెతికించండి, ముఖ్యంగా మడతలు, బట్ట బిగుసుకునే చోట్లు. మచ్చ అందరికీ కనిపించదు, కనిపించకపోయినా పరీక్ష అడగండి. గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు వేసుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి. మంచం పట్టినవారిని చూడడానికి వెళితే పాపాల లెక్క అడగకండి. కాళ్లు పట్టండి, లేదా నోరు మూసుకుని కూర్చోండి.

ఆ ప్రసంగీకుడు ఈ వేసవిలో మళ్లీ మా మండలానికి వస్తున్నాడని గోడల మీద పోస్టర్లు వెలిశాయి. అయ్యగారు, మరదలు, నేను కలిసి నిర్వాహకుల ఇంటికి వెళ్లాం. ఎవరూ మందులు ఆపవద్దని వేదిక మీద నుంచి మొదటి రోజే చెప్పించమని అడిగాం. ఆలోచిస్తామన్నారు. చెప్పించకపోతే పందిరి గుమ్మం దగ్గర మరదలే నిలబడి, వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతానంది. నేను తనతో ఉంటాను. వదిన కూడా వస్తానంది.