ఓడినవాళ్ల ఎండ

అమెరికా దక్షిణాదిలో సెప్టెంబరు సోమవారం ఆఫీసుకెళితే మీటింగు కంటే ముందు కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) కబుర్లు మొదలవుతాయి. జాక్సన్‌విల్‌లో మా టీంలో సగంమంది ఫ్లోరిడా యూనివర్సిటీ జట్టు గేటర్స్ (మొసళ్లు) అభిమానులు, నాతో సహా. మిగతావాళ్లది టెనెసీ, కెంటకీ. గేటర్స్ సొంతూరు గెయిన్స్‌విల్‌లో వాళ్ల జట్టు ఓడిన వారం కాఫీ దగ్గర ఒకటే మాట: "అది మైదానమా, పొయ్యా? మా కుర్రాళ్లు సగం ఎండకే పోయారు."

ఎండ మాట నిజమే. 1930లో గేటర్స్ స్టేడియాన్ని పల్లంలో కట్టారు. ఆడే నేల చుట్టుపక్కల నేలకంటే కిందికి ఉంటుంది. చుట్టూ 88 వేలకు పైగా జనం. గేటర్స్ కోచ్‌గా ఉన్నప్పుడు స్టీవ్ స్పరియర్ దానికి 'స్వాంప్' (చిత్తడి నేల) అని పేరు పెట్టాడు. రామగుండం ఎండ వేరు, మా బెజవాడ ఉక్కపోత వేరు. పొడి ఎండలో చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కలో చెమట కారుతుందే గాని ఆరదు. గెయిన్స్‌విల్‌ది ఈ రెండో రకం. దానిమీద హెల్మెట్టు, భుజాలకు ప్యాడ్లు.

కానీ ఆ ఉక్క సొంత పిల్లల్ని మాత్రం వదిలిందా? 1965లో గేటర్స్ అసిస్టెంట్ కోచ్ ఒకాయన, ఆటయ్యాక మావాళ్లకు మూత్రం ఎందుకు రావట్లేదని యూనివర్సిటీ డాక్టర్లను అడిగాడు. ఒంట్లో నీరంతా చెమటగా పోతోంది. డాక్టర్ రాబర్ట్ కేడ్ బృందం ఉప్పు, చక్కెర కలిపి చేసిన పానీయమే గేటరేడ్. 1967లో ఆరెంజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో గేటర్స్ చేతిలో ఓడిన జార్జియా టెక్ కోచ్ బాబీ డాడ్, మా దగ్గర గేటరేడ్ లేకపోవడమే తేడా అన్నాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎండను తట్టుకునే ఉపాయం కూడా సాకైపోయింది!

ఇక కెంటకీ సంగతి. 1987 నుంచి 2017 దాకా ఫ్లోరిడా చేతిలో వరసగా 31 సార్లు ఓడింది. అందులో దాదాపు సగం ఆటలు వాళ్ల సొంతూరు లెక్సింగ్టన్‌లోనే జరిగాయి. అక్కడ ఏ ఎండ అడ్డొచ్చింది? చివరికి 2018 సెప్టెంబరు 8న ఆ వరస తెగింది ఎక్కడనుకున్నారు? ఇదే స్వాంప్‌లో, 27-16తో. మా టీంలో కెంటకీ ఆయనకు ఇది చెబితే కాసేపు ఆలోచించి, "అది రాత్రి ఆట కదా" అన్నాడు.

నాకు అంతకంటే బాధ కలిగించేది మావాళ్ల గొప్పలు. ఎదుటి జట్టు కుర్రాడు కండరాలు పట్టేసి పడిపోతే టీవీ ముందు ఈలలు వేస్తారు. "అన్నా, బెజవాడోడివి, నీకు ఇదో ఎండా?" అని తెలుగు తమ్ముళ్లు నవ్వుతారు. బెజవాడవాణ్ణి కాబట్టే నవ్వలేను. వడదెబ్బకు మనుషులు పోవడం చూస్తూ పెరిగాం. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ ఆటగాడు జోర్డన్ మెక్‌నేర్ ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి రెండు వారాలకు చనిపోయాడు. 19 ఏళ్లు. వెంటనే ఐసునీళ్ల తొట్టిలో ముంచి ఒళ్లు చల్లార్చాలన్నది అందరికీ తెలిసిన వైద్యం. అదే జరగలేదు.

అందుకే ఎండవల్ల ఓడామంటే నేను ఒప్పుకోను. సెప్టెంబరులో మిట్టమధ్యాహ్నం ఆటలు పెట్టొద్దని ఎవరైనా అర్జీ రాస్తే మాత్రం మొదటి సంతకం నాదే. ఆ వేళలు ఖాయం చేసేది టీవీ ఛానెళ్లు, అర్జీ వెళ్లాల్సింది వాళ్లకే.