అమ్మ పెళ్ళిచీర దాచేముందు

చాలా ఇళ్ళల్లో అమ్మ పెళ్ళిచీర బీరువా అడుగున ఉంటుంది. ఎప్పుడో తీసి చూస్తే మడత పొడవునా చీలిపోయి ఉంటుంది. ప్రాణంగా చూసుకున్న చీర అలా పోతే కలిగే బాధ చిన్నది కాదు. కానీ దాన్ని పాడుచేసేది వయసు కన్నా ఎక్కువగా మనం దాచిన తీరే.

పట్టు ముందు చీలేది మడత దగ్గరే. ఏళ్ళ తరబడి ఒకే గీత మీద నలిగితే పోగులు అక్కడే తెగుతాయి. మూడు నాలుగు నెలలకోసారి చీర విప్పి, నీడలో కాసేపు గాలికి ఆరనిచ్చి, పాత మడతలు తప్పించి కొత్తగా మడవండి. ఎండలో మాత్రం వెయ్యొద్దు. రంగు వెలవడమే కాదు, పట్టుపోగు బలం కూడా పోతుంది. జరీకి జరీ రాసుకోకుండా మధ్యలో పల్చటి తెల్ల నూలుగుడ్డ పెట్టాలి. హ్యాంగరుకు వేలాడదీస్తే జరీ బరువుకి చీర సాగుతుంది.

షాపువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరు ఆ రోజే తీసెయ్యండి. చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. అసలైన జరీలో ఉండేది వెండి, గాలిలోని గంధకానికి అది నల్లబడుతుంది. గంజి లేకుండా ఉతికిన పాత పంచెలో చుడితే చాలు. గంజి ఉంటే పురుగు చేరుతుంది. కలరా ఉండలు చీర మడతల్లో వెయ్యకుండా, మూటకట్టి అర మూలన పెట్టాలి. వేపాకైతే గలగలలాడేదాకా ఎండాలి, పచ్చి ఉంటే మరక పడుతుంది.

మరకల విషయంలో తొందరపడొద్దు. తలంబ్రాలప్పుడు అంటిన పసుపు కొందరికి చీరకన్నా విలువైనది. అది ఉండాలంటే సబ్బు, ఎండ రెండూ తగలకూడదు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. మధుపర్కం లాంటి తెల్ల నూలుచీర మీద పసుపు పోవాలనుకునేవాళ్ళకు అదే ఎండ పనికొస్తుంది. తడిపి ఎండలో వేసేముందు ఎర్రంచు కొసను తడిగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూసుకోవాలి. చెమట, నూనె, పాయసం మరకలు మాత్రం ఉంచకూడదు. అప్పటికి కనిపించకపోయినా కొన్నేళ్ళకు గోధుమరంగు తిరిగి బట్టను తినేస్తాయి. పట్టయితే జరీ సంగతి ముందే చెప్పి డ్రైక్లీనింగుకి ఇవ్వండి.

మనవరాలికి లంగా కుట్టిద్దామనుకుంటే ముందు బట్టను రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పోగులు విడిపోతున్నాయంటే కత్తెర పెట్టొద్దు. కుచ్చిళ్ళు, కింది అంచు బాగా అరిగి ఉంటాయి కాబట్టి మిగతా భాగం నుంచి తీసుకుని, మెత్తటి నూలు లైనింగు వేయించండి. పమిట అలాగే ఉంచెయ్యడం మంచిదని నా అభిప్రాయం. ఆ చీరను గుర్తుపట్టేది దాంతోనే కదా. పాత పట్టుచీరలు కొంటామని వీధిలోకొచ్చేవాళ్ళు చూసేది జరీలోని వెండినే. ఇంట్లో అందర్నీ అడగకుండా ఇచ్చెయ్యకండి.

మనిషి పోయాక ఆ వాసన కోసం వెతుక్కునేవాళ్ళుంటారు. దానికి చీరంతా ఉతకకుండా ఉంచక్కర్లేదు. కట్టి విడిచిన జాకెట్టో, చేతిరుమాలో పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు గట్టి మూత ఉన్న గాజుసీసాలో పెట్టండి. మూత తీసిన ప్రతిసారీ కొంత వాసన పోతుంది, కాబట్టి తరచూ తియ్యొద్దు.

చివరగా ఒక చిన్న పని. తెల్ల నాడా ముక్క మీద పెన్సిలుతో ఎవరి చీర, ఏ ఏడాది, ఎవరు కొన్నారు అని రాసి, చుట్టిన పంచెకు నూలుదారంతో కుట్టండి. బాల్‌పెన్ సిరా పాకుతుంది, గుండుసూది తుప్పు పడుతుంది. ఆ వివరాలు తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాయాలి.