మూడు వరసలు చదువుకు, ఒక వరస లెక్కకు

ఏప్రిల్ మూడో వారం

ఈ వేసవికి చేపట్టిన పని ఒక నూలు శాలువా. నాలుగు పోగుల నూలుతో, 3.5 మిల్లీమీటర్ల సూదులతో, అలల నమూనాలో అల్లుతున్నాను. నరసాపురంలో రైలెక్కి రాత్రంతా ఏసీ పెట్టెలో వణుకుతూ హైదరాబాదు చేరే మా అక్క కూతురి కోసం ఇది. ఆదివారాలూ, రెండో శనివారమూ మధ్యాహ్నం భోజనాలయ్యాక, తక్కిన రోజుల్లో ఆఫీసు నుంచి వచ్చాక కాసేపూ ఈ పని సాగుతోంది. దానితోపాటే చదువు కూడా సాగాలన్నది నా నియమం కనుక, నమూనాను ఎన్నుకునేటప్పుడే ఆ సంగతి దృష్టిలో పెట్టుకున్నాను.

మా వైపు అల్లిక అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది లేసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఆ కొక్కెపు సూది పని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అరుగు అరుగుకూ పాకింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. రెండు సూదుల అల్లిక మాత్రం ఇక్కడ అరుదు. చలి లేని చోట ఉన్ని ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఉన్నిని పక్కనపెట్టి నూలు పట్టుకుంటే ఆ ప్రశ్నకు తావుండదు. ఉక్కపోతలో ఉన్ని ఒళ్ళో పెట్టుకోవడం శిక్ష. నూలు ఒళ్ళో ఉన్నా లేనట్టే ఉంటుంది.

నూలుకు దాని ఇబ్బందులు దానికున్నాయి. ఉన్నిలాగా సాగి మళ్ళీ ముడుచుకునే గుణం దీనికి లేదు. తడిస్తే బరువెక్కి, తన బరువుకు తానే నిలువునా సాగుతుంది. అందువల్ల నమూనా ముక్కను అల్లగానే కొలిచి సంతృప్తిపడకుండా, ఉతికి, చాప మీద పరిచి, పూర్తిగా ఆరాకే కొలిచాను. సాదా అల్లికలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 28 వరసలు వచ్చాయి.

ఏప్రిల్ చివర

ఈ నమూనాలో 18 కుట్లకు ఒక అల. ఐదు అలలకు 90, రెండు అంచులకు మూడేసి, మొత్తం 96 కుట్లు సూది మీదికి ఎక్కించాను. వెడల్పు దాదాపు 44 సెంటీమీటర్లు వస్తోంది. అంచుల్లోని మూడేసి కుట్లు ఏ వరసలోనైనా నిట్టే, అంటే సాదా కుట్టే. మొదటి వరస అంతా నిట్, రెండో వరస పర్ల్, అంటే దాన్నే తిరగేసిన కుట్టు. అసలు పనంతా మూడో వరసలో ఉంది: ప్రతి అలలోనూ రెండేసి కుట్లను కలిపి ఒకటిగా అల్లడం మూడుసార్లు, సూదికి ఒక చుట్టు దారం వేసి ఒక నిట్ అల్లడం ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలపడం మూడుసార్లు. ఆరు కుట్లు తగ్గి ఆరు పెరుగుతాయి కనుక 18 మళ్ళీ 18గానే నిలుస్తుంది. నాలుగో వరస వెనకవైపు నుంచి నిట్. దానివల్ల ముందువైపు ఒక సన్నని గట్టు లేస్తుంది. ఈ నాలుగు వరసలూ కలిపి ఒక ఆవృత్తి, అదే తిరిగి తిరిగి వస్తుంది.

చదువుకునేవారికి ఈ నమూనా అనువుగా ఉండడానికి కారణం ఇదే. నాలుగు వరసల్లో మూడింటికి కళ్ళతో పని లేదు. వేళ్ళకు అలవాటైన కుట్టు అవి చూసుకుంటాయి. లెక్క కావలసింది మూడో వరసకు మాత్రమే. పుస్తకానికి ఆ కాసేపే విరామం.

నా చేతిలో ఇప్పుడున్నవి మా అమ్మమ్మ తరం వాళ్ళు వారపత్రికల్లోంచి సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించిన సంపుటాలు. ఏ పుటకు ఆ పుట వెనక తలనూనె ప్రకటన సగమో, గోరుమిటీల తయారీ సగమో ఉంటుంది. బైండు చేసినవాడు దారాన్ని మార్జిన్ లోపలికి లాగి కుట్టడంతో ఆ పుస్తకం చేత్తో అదిమి పట్టుకుంటే తప్ప తెరుచుకోదు. రెండు చేతులూ సూదుల మీద ఉన్నప్పుడు అది కుదిరే పని కాదు. ఇంట్లో పారాయణానికి వాడే వ్యాసపీఠం ఇక్కడ అక్కరకొచ్చింది. పుస్తకాన్ని దాని మీద నిలిపి, చెరొక వైపు బట్టల క్లిప్పు పెడితే ఫ్యాను గాలికి కూడా పుట కదలదు. క్లిప్పుల పళ్ళు పాత కాగితాన్ని కొరకకుండా మధ్యలో చిన్న గుడ్డముక్క ఉంచాలి. పీఠం కింద పీట వేసి కంటి ఎత్తుకు కాస్త దిగువన ఉండేలా చూసుకుంటే మెడ పట్టేయదు.

సీరియల్ భాగం చివర "సశేషం" కనబడగానే చదువు ఆపుతాను. అక్కడి నుంచి రాబోయే మూడో వరస పూర్తయ్యేదాకా పుట తిప్పను. ఉత్కంఠతో ఆపడంలో ఆ రచయితలు ఎంతటి సిద్ధహస్తులో ఈ పద్ధతిలోనే బాగా తెలిసివస్తుంది. పద్యం మాత్రం ఈ పనికి పొసగదు. వెనక్కి వెళ్ళి అన్వయం చూసుకోవలసి వస్తే వేళ్ళు ఆగిపోతాయి, లేదా వేళ్ళు సాగితే అన్వయం పోతుంది.

మే మొదటి పక్షం

కాలువలకు నీళ్ళు కట్టేశారు. ఉక్కపోత పెరిగింది, సాయంత్రం సముద్రం మీది గాలి తిరిగేదాకా చేతులు చెమట పడుతూనే ఉన్నాయి. వెదురు సూదులకు మారాను. చెమట చేతిలో లోహపు సూది జారుతుంది, వెదురు దారాన్ని కాస్త పట్టి ఉంచుతుంది. రెండు విడి సూదుల బదులు 80 సెంటీమీటర్ల తీగతో కలిపిన సూదులు వాడితే అల్లిన బట్ట బరువు మణికట్టు మీద కాక ఒడిలో పడుతుంది.

పక్కింటి పిన్నిగారు చిన్ననాటి నుంచీ లేసు పనిలో ఉన్నారు. నా పెట్టెలో అడుగున పడి ఉన్న పాత ఉక్కు సూదులు చూసి, "అమ్మాయ్, చెమట తగిలిన ఉక్కు సూదిని తుడవకుండా పెట్టేస్తే తుప్పెక్కుద్ది. ఆ మరక దారానికి అంటిందంటే ఎన్ని ఉతుకులుతికినా పోదు" అన్నారు. తన సూదిని కొబ్బరినూనె చుక్క అద్దిన గుడ్డముక్కలో చుట్టి ఉంచుతారట. అల్లేముందు అదే సూదిని పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, నూనె మిగల్లేదని తన తెల్ల జాకెట్టు అంచుకే రాసి చూపించారు. ఇంత నమ్మకం నాకు లేదు గాని, ఉక్కు సూదులన్నింటికీ ఆ వైద్యం చేశాను.

మూడో వరస తప్పినా ఎక్కువ విప్పుకోనవసరం లేకుండా, ప్రతి ఐదో ఆవృత్తి చివర నాలుగో వరస కుట్లన్నింటిలోంచి నున్నటి కుట్టుమిషను దారం ఒకటి దూర్చి ఉంచుతున్నాను. ఏదైనా జరిగితే అల్లిక ఆ దారం దగ్గర ఆగుతుంది. దారం రంగు వేరుగా, కాని వెలిసిపోని రంగుగా ఉండాలి.

ఆవకాయ పెట్టిన ఆదివారం అల్లిక ముట్టుకోలేదు. కారం, ఆవపిండి, నూనె ఒకే రోజు వేళ్ళకు పట్టాక లేత గోధుమరంగు నూలు దగ్గరికి పోవడం ఎవరికీ సలహా ఇవ్వదగిన పని కాదు. ఆ రోజంతా చదువుకే, అదీ పుటలు ఇంకొకరు తిప్పితే.

అంతర్వేది వెళ్ళినప్పుడు శాలువా ఇంట్లోనే ఉంచాను. గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు మీద జనం, మోటారు సైకిళ్ళు, కొబ్బరి బస్తాల మధ్య 96 కుట్లు లెక్కపెట్టడం సాధ్యం కాదు. అలాంటి ప్రయాణాలకు చేతిసంచిలో పట్టే వంటింటి గుడ్డ మంచిది: నాలుగు కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరసలోనూ రెండు నిట్, ఒక చుట్టు, మిగిలినదంతా నిట్ అల్లుకుంటూ పోతే కోణం నుంచి చదరం పెరుగుతుంది. 45 కుట్లయ్యాక అదే రీతిలో తగ్గించుకుంటూ రావాలి. ఆ వశిష్ఠ పాయ దాటేలోపు చాలా వరసలు కావు. పంటు నిండే దాకా రేవులో ఎదురుచూసే సమయమే ఎక్కువ పనికొచ్చింది.

రోహిణి కార్తె

శాలువా 118 సెంటీమీటర్లకు చేరింది. నాలుగో ఉండ నడుస్తోంది. నూలు చాలుతుందా లేదా అన్న బెంగ పడకుండా, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద ఉండను ఐదు ఆవృత్తులకు ముందూ తరువాతా తూచాను. దాదాపు 10 గ్రాములు తగ్గింది, అంటే ఆవృత్తికి 2 గ్రాములు. ఒక్క ఆవృత్తికి సుమారు 1.4 సెంటీమీటర్ల పొడవు వస్తుంది కనుక 150 సెంటీమీటర్లకు మరో 23 ఆవృత్తులు, 46 గ్రాములు కావాలి. ఈ ఉండలో 30 గ్రాములు, విప్పని ఐదో ఉండలో 50 ఉన్నాయి. మిగిలేదానితో కుచ్చులు వేయాలన్న ఆలోచనను మానుకున్నాను. అంచుల్లోని అలల వంపే చాలినంత అలంకారం, కుచ్చులు దాన్ని కప్పేస్తాయి. పొడవే మరికాస్త పెంచుతాను.

కొత్త ఉండ కలిపేటప్పుడు ముడి వేయడం లేదు. ఉన్ని కొసలను తడిపి అరచేతుల మధ్య నలిపితే అవి కలిసిపోతాయి, నూలుకు ఆ గుణం లేదు. వరస మొదట్లో అంచు మూడు కుట్లలో కొత్త దారం అందుకుని, రెండు కొసలనూ 10 సెంటీమీటర్ల చొప్పున వదిలి, చివర్లో మొద్దు సూదితో అంచు వెంట ఎక్కించి, వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కిస్తే ఊడదు.

తరువాతి పని

ఉతకడం, ఆరబెట్టడం వానలకు ముందే జరగాలి. పడమటి గాడ్పు వీచే రోజున నూలు ఒక పూటలో ఆరుతుంది. జల్లులు పట్టాక రెండు రోజులైనా చెమ్మ వదలక ముక్కవాసన వేస్తుంది. చల్లని నీళ్ళలో కొద్దిపాటి సబ్బుతో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నేల మీద దళసరి దుప్పటి పరిచి దాని మీద 46 సెంటీమీటర్ల వెడల్పుకు లాగి అమరుస్తాను. ప్రతి అల కొననూ గుండుసూదితో గుచ్చితేనే వంపు తేరుతుంది. ఆ గుండుసూదులు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. గంజి పెట్టను. లేసు బల్లగుడ్డలకు అది అందమే కాని, మెడకు చుట్టుకునేదానికి మెత్తదనం కావాలి. పైగా పాత బైండింగుల జిగురు కోసం వచ్చే వెండిరంగు పురుగులకు గంజి కూడా ఆహారమే. అక్క కూతురు ఊరికి వచ్చేదాకా శాలువా ఆ సంపుటాలున్న బీరువాలోనే ఉండాలి కనుక, దాన్ని వేరే అరలో, ఉతికిన పాత పంచెలో చుట్టి పెడతాను.