140 టెస్టుల నుంచి తొమ్మిదికి: చీనీ మండీ లెక్కలతో నా అనుభవం

అనంతపురం చీనీ (బత్తాయి) మార్కెట్‌లోని మండీల కోసం తూకం, హమాలీ, కమీషన్ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను మేము ముగ్గురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక అద్దె గదిలో కూర్చుని రాశాము. దానికి, బ్రౌజర్‌ను మనిషిలా నడిపించే సెలీనియం అనే సాధనంతో రాసుకున్న ఎండ్ టు ఎండ్ టెస్టులు 140 ఉండేవి. ప్రతి టెస్టూ బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, రైతు పేరు ఎక్కించి, తూకం నమోదు చేసి, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే లెక్కల చీటీ) దాకా వెళ్లి చూసేది. మొత్తం పూర్తవడానికి 50 నిమిషాలు పట్టేది. అయినా ఆ ఆలస్యం కన్నా మమ్మల్ని ఎక్కువగా వేధించింది వాటి నిలకడలేనితనం. కోడ్‌లో ఏ తప్పూ లేకపోయినా ఒక్కో టెస్టు 200 సార్లలో ఒకసారి ఊరికే విఫలమవుతుందనుకుంటే, 140 టెస్టులూ ఒకే దఫాలో గట్టెక్కే అవకాశం సగానికి మించదు. ఈ లెక్క నేను వేసుకున్నది చాలా ఆలస్యంగా. అప్పటికే టెస్టు విఫలమై ఎర్రగా వస్తే కారణం వెతక్కుండా మళ్లీ నడిపించి టీకి వెళ్లడం మాకు అలవాటైపోయింది.

ఒక రోజు మండీ గుమాస్తా ఫోన్ చేసి, "ఏమప్పా, పట్టీలో ఒక లెక్క, ఖాతాలో ఇంకో లెక్క చూపిస్తాంది మీ కంప్యూటరు" అన్నాడు. ఒక రైతు తెచ్చిన మూడు లాట్లు ఒక్కొక్కటి 2.75 టన్నులు తూగాయి. టన్నుకు 150 రూపాయల చొప్పున ఒక్కో లాటుకు హమాలీ 412.50. పట్టీ తయారుచేసే పేజీ ప్రతి లాటునూ పూర్తి రూపాయికి, 413గా సవరించి 1,239 కోసింది. ఖాతా పేజీ మొత్తం 1,237.50ను చివర్లో ఒకేసారి సవరించి 1,238 చూపింది. తేడా ఒక్క రూపాయే, కానీ పట్టీ చేత పట్టుకుని నిలబడ్డ రైతుకు గుమాస్తా దానికి జవాబు చెప్పలేకపోయాడు. మా 140 టెస్టుల్లో ఒక్కటీ దీన్ని పట్టలేదు. టెస్టు రాయడమూ నడపడమూ అంత భారమయ్యేసరికి, అన్నింటిలోనూ సరిగ్గా ఒక టన్ను తూగే ఒకే లాటును వాడుకుంటూ వచ్చాము.

వెతికితే, హమాలీ లెక్కించే నాలుగు వరుసలు 'సేవ్' బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్‌లో, డేటాబేస్‌కు రాసే ఆజ్ఞల మధ్య ఇరుక్కుని కనిపించాయి. అవే వరుసలు కొద్ది మార్పుతో ఖాతా పేజీలోనూ ఉన్నాయి. బటన్ నొక్కకుండా ఆ లెక్కను కదిలించే దారే లేదు. అందుకే ఏ చిన్న అనుమానం తీర్చుకోవాలన్నా బ్రౌజర్ తెరవక తప్పేది కాదు.

ఎలిస్టర్ కాక్‌బర్న్ 2005లో వివరించిన పోర్ట్స్ అండ్ అడాప్టర్స్ పద్ధతి (అసలు లెక్కను స్క్రీన్, డేటాబేస్‌ల నుంచి విడదీసి ఉంచడం) నాకు ముందే తెలుసు గానీ, మండీ లెక్కలకు అంత హంగు దేనికని పక్కన పెట్టాను. ఇప్పుడు అందులో సగమైనా చేయక తప్పలేదు. లెక్కలన్నింటినీ ఒక విడి మాడ్యూల్‌లోకి తెచ్చాము. దానికి డేటాబేస్ తెలియదు, స్క్రీన్ తెలియదు, తూకాలూ రేట్లూ ఇస్తే పట్టీ మొత్తం చెబుతుంది. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా మార్చాము. సవరణ పట్టీ చివర ఒక్కసారే చేయాలని మండీ వారితో కూర్చుని తేల్చుకున్నాము. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న వారిని మేము అడగనే లేదు.

తేదీ ఇంకా చిక్కు. లారీలు తెల్లవారుజామునే వస్తాయి. మా సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడిచేది, మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కనుక ఉదయం 4 గంటలకు పడిన తూకం ముందురోజు ఖాతాలోకి జారిపోయేది. లెక్క చేసే ఫంక్షన్ తానే గడియారం చూసుకోవడం మాన్పించి, సమయాన్ని బయటి నుంచి అందించాక, తెల్లవారుజాము 4 గంటలను మధ్యాహ్నం కూర్చుని పరీక్షించగలిగాము. ఇలాంటి చిన్న టెస్టులు కొన్ని వందలు ఇప్పుడు నాలుగైదు సెకన్లలో పూర్తవుతాయి.

పాతవాటిని తీసేయడానికి మాత్రం చేయి రాలేదు. ఒక్కోదాన్ని ముందు పెట్టుకుని, ఇది పట్టే తప్పు చిన్న టెస్టులకు చిక్కదా అని చూసుకుంటూ మూడు నెలలు గడిపాము. లాగిన్, ఒక తూకం పట్టీగా అచ్చయ్యే దారి, రైతుకు చెల్లింపు వంటివి 9 మిగిలాయి.

ఈ సంబరంలో కాటాను తక్కువ అంచనా వేశాము. టెస్టుల కోసం మేము కోడ్‌లో తయారుచేసుకున్న నకిలీ కాటా ఎప్పుడూ స్థిరమైన ఒకే బరువు పంపేది. అసలు కాటా, లారీ కుదురుకునే దాకా మారుతున్న అంకెలను సీరియల్ కేబుల్ మీదుగా ఆపకుండా పంపుతుంది. టెస్టులన్నీ గట్టెక్కిన మార్పు మండీకి చేరిన మొదటి ఉదయమే ఒక లారీ బరువు కుదురుకోకముందే నమోదైపోయింది. గుమాస్తా గమనించి చెరిపేశాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి, నిండు లారీ కాటా ఎక్కడం నుంచి దిగడం వరకు వచ్చిన అంకెలన్నీ ఒక ఫైల్‌లోకి దించుకొచ్చాను. నకిలీ కాటా ఇప్పుడు ఆ ఫైల్‌నే వినిపిస్తుంది. అంకె కొంతసేపు మారకుండా నిలిస్తేనే దాన్ని తూకంగా తీసుకుంటున్నాము. ఆ ఫైల్ మధ్యలో ఒకచోట బరువు ఉన్నట్టుండి 70 కిలోలు పెరుగుతుంది. డ్రైవరు ఏదో మరిచిపోయి మళ్లీ క్యాబిన్‌లోకి ఎక్కినట్టున్నాడు. ఆ వరుసలను అలాగే ఉంచేశాము.