వెనక సీటు శ్రోతలు

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా కొలంబస్‌లో తెలుగు, తమిళ కుటుంబాల పిల్లల్లో సంగీతం నేర్చుకోనివాళ్ళు తక్కువ. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతం, వర్ణం, ఆ తరవాత పోటీ, కప్పు, ఫోటో. హైస్కూల్లో చదువు బరువెక్కగానే శ్రుతి పెట్టె అటకెక్కుతుంది. ఇంతమంది పాడటం నేర్చుకుంటున్న ఊళ్ళో కూర్చుని వినేవాళ్ళు మాత్రం కనబడరు. వారానికో అరగంట క్లాసుకి తీసుకెళ్ళి దింపి, ఇంట్లో మిగతా వారమంతా ఒక్క కీర్తన కూడా వినిపించకపోతే పిల్లలకి అది ఇంకో హోంవర్కే అవుతుంది, వాళ్ళ తప్పేం లేదు.

నాకు పాడటం రాదు. వినడం పిచ్చి మాత్రం ఉంది. నాలాంటి పిచ్చివాళ్ళు మరికొందరు తోడయ్యారు. పక్క వీధిలో ఉండే తమిళ మామి, డాలస్‌లో మా పిన్ని కొడుకు, విజయవాడలో మా నాన్నగారు. ఎవరు ఏం వింటే అది మిగతావాళ్ళకి ఫోన్లో పంపుతారు. ఊరికే పంపితే సరిపోదు, ఎక్కడ వినాలో కూడా చెప్పాలి. "నెదునూరిగారి అనుపల్లవి రెండోసారి చూడు, ఎలా దిగారో" అని, గాయకుడు నెదునూరి కృష్ణమూర్తిగారు పాడిన కీర్తనలో రెండో భాగం గురించి మామి రాస్తే ఆ ఒక్క చోటే వెనక్కి జరిపి జరిపి వింటాను. వినకుండా బొటనవేలు బొమ్మ పెట్టేస్తే మామి పట్టేసుకుంటుంది. "ఏ కాలప్రమాణంలో పాడారమ్మా?" అని పాట వేగం గురించి అడిగిందంటే అయిపోయామే!

మా నాన్నగారిది వేరే పద్ధతి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని వింటూ పెరిగిన తరం ఆయనది. బాలమురళీకృష్ణగారి గొంతు రేడియోలో వస్తుంటే వీధిలో నడిచేవాడు ఆగిపోయేవాడంటారు. నాన్నగారు పొద్దున్నే లేచి విన్నది మాకు రాత్రి భోజనాల వేళకి చేరుతుంది. దాంతో మా ఇంట్లో భూపాలం, బౌళి వంటి పొద్దుటి రాగాలు అన్నం ముందు మోగుతుంటాయి. సంప్రదాయం ఒప్పుకోదేమో గానీ, తొమ్మిదిన్నర గంటల తేడాకి ఎవరం ఏం చేస్తాం?

పిల్లలకి ఇవన్నీ ఎలా అంటుకున్నాయంటే, కారులో. శనివారం క్లాసులకి రెండు మూడు ఇళ్ళ పిల్లలని ఎవరో ఒకరు వంతులవారీగా తీసుకెళ్తాం. ఎవరు నడిపితే వాళ్ళదే పాట. వాళ్ళలో ఒక నాన్నకి "ఇది ఏ రాగం చెప్పు చూద్దాం" అని వెనక్కి తిరిగి అడిగే అలవాటు. ఆ ప్రశ్న రాగానే వెనక సీటు మొత్తం కిటికీల్లోంచి బయటికి చూసేది. నా కారులో పరీక్షలు లేవని చెప్పేశాను.

చిన్నపిల్లలకి పాట పరిచయం చేయాలనుకునేవాళ్ళకి నా సలహా పాత గ్రామఫోను రికార్డులు. అప్పటి ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. ఎంతటి విద్వాంసుడైనా ఆలాపన, కీర్తన అన్నీ అందులోనే సర్దుకోవాలి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ అలా వినిపించాను. ఎర్ర దీపం దగ్గర మొదలైతే రెండు మూడు సిగ్నళ్ళు దాటేసరికి అయిపోతుంది. పిల్లలకి విసుగు పుట్టే లోపే ముగిసింది కనక "ఇంకోటి పెట్టు" అన్నారు. గంటసేపు సాగే రాగం తానం పల్లవితో మొదలుపెడితే ఆ మాట వినేదాన్ని కాదు.

ఒక శనివారం మామి ముత్తుస్వామి దీక్షితుల 'సంతతం పాహిమాం' పంపింది. కారులో పెట్టాను. రెండో పంక్తి రాకముందే వెనక సీట్లోంచి ఒకటే గోల, "ఇది మా స్కూలు పాట!" అని. అమెరికా బడుల్లో పాడించే 'మై కంట్రీ, టిజ్ ఆఫ్ దీ' బాణీ అది. ఇంగ్లండు వాళ్ళ రాజగీతం బాణీ కూడా అదే. దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో తెల్లవాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలకి ఆయన సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వరాలంటారు. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తాయి, స్వరాన్ని ఊపే గమకాలుండవు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ కాలంలోనే వయొలిన్ నేర్చుకుని మన పాటకి మలిచారు. ఇదంతా చెప్పగానే మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆయన్ని ఎవరూ ఇది మన సంగీతం కాదని తిట్టలేదా?" మామినే అడగమన్నాను. మామి మర్నాడు దాదాపు ఒక ఉపన్యాసమే ఇచ్చింది.

ఆ ప్రశ్న దానికి ఊరికే రాలేదు. అది బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. శనివారం కర్ణాటక వయొలిన్. బడిలో కుర్చీలో నిటారుగా కూర్చుని, తీగలు జి, డి, ఎ, ఇ. ఇక్కడ నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి, తీగలు స-ప-స-ప. రోజూ అటూ ఇటూ శ్రుతి మారిస్తే తీగలు తెగుతున్నాయి. చివరికి బడికొకటి, ఇంటికొకటి రెండు వయొలిన్లు పెట్టుకున్నాం.

బడిలో వాయించిన పాశ్చాత్య స్వరకర్త బాఖ్ ముక్క ఒకటి, రెండు వయొలిన్లు కలిసి వాయించేది, తాతయ్యకి పంపింది. ఆయన జవాబు: "శ్రుతి శుద్ధంగా ఉందమ్మా. కాని ఉప్పు లేని పప్పులా ఉందే, గమకం ఏదీ?" దీనికి కోపం వచ్చింది. "తాతయ్యా, మీరు పై వయొలిన్ ఒక్కటే విన్నారు. కింది వయొలిన్ పట్టుకుని మళ్ళీ వినండి" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. మా నాన్నగారు ఎదురు మాట పడే మనిషి కాదు, మేం చిన్నప్పుడైతే ఆ మాటకి రెండు పూటలు మాట్లాడేవారు కాదు. మర్నాడు ఆయన దగ్గర్నుంచి: "విన్నాను. ఒకళ్ళు వదిలింది ఇంకొకళ్ళు అందుకుంటున్నారు. మన కచేరీలో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలప్పుడు పాడేవాళ్ళూ వయొలినూ వంతులు పోయినట్టుంది, కాకపోతే వీళ్ళు ఒకళ్ళు ఆపకుండానే ఇంకొకళ్ళు ఎత్తుకుంటున్నారు. ఇంకోటి పంపు." అప్పట్నుంచి వాళ్ళిద్దరి లెక్క వాళ్ళది, నాకు చెప్పరు కూడా.

వసంతంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవానికి వెళ్తాం. 1978 నుంచి జరుగుతోంది. మాకు రెండు గంటల పైచిలుకు దారి. త్యాగయ్య అయిదు పంచరత్న కీర్తనలు వందలమంది కలిసి పాడుతుంటే అందులో మాతృభాష తెలుగు అయినవాళ్ళు ఎంతమందో చెప్పలేం గానీ, నోరంతా తెలుగే. 'సాధించెనే'లో త్యాగయ్య కృష్ణుడి మీద చేసే ఫిర్యాదులు ఏమిటని మామి మనవరాలు మా అమ్మాయిని అడుగుతుంది, మా అమ్మాయి నన్నడుగుతుంది, నేను నాన్నగారికి ఫోను చేస్తాను. "ఎన్ని నీతులు చెప్పాడో అన్నీ అబద్ధం చేసి, తన పంతమే నెగ్గించుకున్నాడు, అంతే" అన్నారాయన. పిల్లలిద్దరూ ఒకేసారి మా అబ్బాయి వైపు చూశారు.

వాడి సంగతి వేరు. పాట వస్తున్నంతసేపూ వాడికి నిద్ర. పాట ఆగి తాళవాద్యాలే మోగే తని ఆవర్తనం మొదలవగానే హాల్లో సగంమంది పెద్దలు కాఫీకి లేస్తారు చూడండి, సరిగ్గా అప్పుడు వీడు కుర్చీ అంచుకి జరుగుతాడు. మోకాలి మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎవరూ నేర్పలేదు, డాలస్ మావయ్య పంపిన మృదంగం వీడియోలు చూసి పట్టుకున్నాడు. సాహిత్యం వినకుండా తాళం ఏమిటని మామి ఒప్పుకోవడం లేదు. ఈ మధ్య వాడికోసం ప్రత్యేకంగా కీర్తనలు ఏరి పంపుతోంది. వాడు మర్యాదగా "థాంక్యూ పాట్టీ" అని రాసి, తని వచ్చేదాకా జరిపేస్తున్నాడు.