హస్తవాసి

గత నెలలో నేను నింపి పంపిన ఒక ఫారం, అందులోని ఒక్క వాక్యం కింద పెన్సిలు గీతతో, తిరిగి నా చేతికి వచ్చింది. డాలస్ శివారులోని ఒక డేకేర్‌లో ఏడాది లోపు పిల్లల గదికి నేను లీడ్ టీచర్‌ని. దగ్గరలోని హైస్కూల్లో పిల్లల సంరక్షణను వృత్తివిద్యగా ఎంచుకున్న విద్యార్థులు వారానికి మూడు మధ్యాహ్నాలు మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తారు. నెలకొకసారి ఒక్కొక్కరి పనితీరు గురించి నేను నాలుగు మాటలు రాసి వాళ్ళ టీచరుకు పంపాలి. పదహారేళ్ళ ఒక అమ్మాయి గురించి రాస్తూ, పిల్లలను చూసుకోవడం ఆమెకు పుట్టుకతోనే వచ్చిందని, ఒకరు నేర్పవలసిన అవసరమే లేదని రాశాను. నా మనసులో ఉన్న మాట హస్తవాసి. ఆ అమ్మాయి ఎత్తుకుంటే ఎంతటి మంకు ఏడుపైనా ఆగుతుంది. హస్తవాసికి సరితూగే మాట ఇంగ్లీషులో నాకు దొరకలేదు కనుక, ఉన్నంతలో మంచి మాటే రాశాననుకున్నాను.

ఆ టీచరు ఫారం పట్టుకుని స్వయంగా వచ్చారు. పిల్లలందరూ నిద్రపోతున్న వేళ, గది గుమ్మం బయట నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పారు. "ఈ వాక్యం మీరు ప్రేమతో రాశారని నాకు తెలుసు. కానీ దీన్ని నేను ఆ అమ్మాయి ఫైల్లో పెట్టలేను. ఆమెది ఎడమచేతి వాటం. మీ గదిలో డైపర్ మార్చే బల్ల దగ్గర సామానంతా కుడివైపున ఉంటుంది. ఎడమచేత్తో అందుకోవాలంటే ఒళ్ళంతా తిప్పాలి, పాప మీద ఉంచిన చేయి జారుతుంది. అందుకని మా క్లాసులో బొమ్మను పెట్టుకుని మూడు వారాలు కుడిచేత్తో అందుకోవడం సాధన చేసింది. మీకు కనబడిన నేర్పు ఆ మూడు వారాలది. దాన్ని పుట్టుక అంటే ఎలా?"

మొదట నాకు వచ్చింది కోపమే. మెచ్చుకోలుకు కూడా నియమాలుంటాయా అనిపించింది. కోపం తగ్గాక మిగిలింది అంతకంటే బాధాకరమైన విషయం. ఆరు వారాలుగా ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి పని చేస్తోంది, ఆమెది ఎడమచేతి వాటమని నేను గమనించనే లేదు. ఏది పుట్టుకతో వచ్చిందో రాసిన నాకు, నిజంగా పుట్టుకతో వచ్చినదేదో కనబడలేదు. ఆ మధ్యాహ్నం ఆమె ముందు నాకు ముఖం చెల్లలేదు.

ఈ పిల్లలు చదివే చదువు సంగతి కొంత చెప్పాలి. ఇక్కడి హైస్కూళ్ళలో వృత్తివిద్య కింద పిల్లల సంరక్షణ కూడా ఉంటుంది. 11, 12 తరగతుల్లో ఆ కోర్సు చదువుతున్న విద్యార్థులు, డిప్లొమా చేతికి రాకముందే, సి.డి.ఏ. (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) అనే జాతీయ గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఎనిమిది విషయాల్లో కలిపి 120 గంటల చదువు కావాలి, ఏ ఒక్క విషయంలోనూ 10 గంటలకు తగ్గకూడదు. పిల్లల మధ్య 480 గంటల పని కావాలి. తాము చేసిన పని గురించి, ఎందుకు అలా చేశారో వివరిస్తూ రాసిన ఒక దస్త్రం కావాలి. ఆపైన 65 ప్రశ్నల పరీక్ష, వాళ్ళు పని చేస్తుండగా ఒక నిపుణురాలో నిపుణుడో వచ్చి కూర్చుని చూసే పరిశీలన. పుట్టుకతో వచ్చే విద్య అయితే ఇన్ని గంటలు లెక్కపెట్టడం దేనికని నేనెన్నడూ ఆలోచించలేదు. గంటల పట్టిక మీద ప్రతి శుక్రవారం సంతకం పెడుతూనే వచ్చాను.

టీచరు చెప్పిన ఆ బొమ్మను నేనొకసారి వాళ్ళ బడిలో చూశాను. పసిబిడ్డ బరువుంటుంది, లోపల సెన్సర్లుంటాయి. మెడకు ఆసరా ఇవ్వకుండా ఎత్తినా, కుదిపినా నమోదవుతుంది. విద్యార్థులు దాన్ని ఇంటికి తీసుకువెళితే అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది. ఆ ఏడుపు పాలకోసమా, డైపర్ కోసమా, ఊరికే ఎత్తుకోవడం కోసమా అన్నది తెలుసుకోవాలి. ఇంటినిండా పిల్లల మధ్య పెరిగిన నాకు, బొమ్మను పెట్టి నేర్పడమేమిటని ఆనాడు వాళ్ళ మీద నిజంగా జాలి వేసింది. మన ఇళ్ళలో చంటిబిడ్డ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ పెరుగుతుంది, పదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వీధంతా తిరుగుతుంది, ఎవరికీ ఎవరూ పాఠం చెప్పరు. నేను అలాగే అనుకున్నాను. ఇప్పటికీ సగం మనసు అలాగే అంటుంది.

మా అమ్మమ్మ హస్తవాసి మా ఊళ్ళో పేరుపడ్డది. ఏ ఇంట్లో పురుడు వచ్చినా స్నానం చేయించడానికి ఆవిడకే కబురు వచ్చేది. కాళ్ళు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నీళ్ళు మోచేత్తో ముట్టుకుని చూసి, "ఇదిగో చేయి, ఇదిగో వీపు, ఇదిగో బంగారుతల్లి మెడ" అంటూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోసేది. మా గదిలో ఈ అమ్మాయి డైపర్ మార్చేటప్పుడు సరిగ్గా అదే చేస్తుంది. "ఇప్పుడు నీ కాళ్ళు పైకెత్తుతాను, ఇది కాస్త చల్లగా ఉంటుంది" అని ఏడు నెలల పాప కళ్ళలోకి చూస్తూ చెబుతుంది, పాప ఊఁ కొట్టేదాకా ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు గాని కాళ్ళు ఎత్తదు. ఆ ఆగడం చూసే నాకు అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆమె గుర్తుకు రాబట్టే పుట్టుక అని రాశాను. అయితే అలా చెప్పి చేయడం, జవాబు కోసం ఆగడం వాళ్ళ పాఠ్యాంశంలో ఉన్నదేనని, మాటకు పునాది అక్కడే పడుతుందని వాళ్ళకు వివరంగా చెబుతారని ఆ తరువాత తెలిసింది.

మరి అమ్మమ్మకు ఎవరు నేర్పారు? ఈ ప్రశ్న ఇన్నేళ్ళూ నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. ఆమె చిన్నతనంలో వాళ్ళ మేనత్త వెనకాల చెంబు పట్టుకుని నిలబడేదానినని, నీళ్ళు వేడెక్కువైతే మొట్టికాయ పడేదని తనే చెప్పగా విన్నాను. నా మొదటి కాన్పుకు అమ్మ ఇక్కడికి వచ్చి ఆరు నెలలుండి వెళ్ళింది. ఆ ఆరు నెలల్లో మొదటి రెండు వారాలు బిడ్డకు స్నానం చేయించడానికి నా చేతులు వణికాయి. అమ్మ నా చేతుల మీద తన చేతులు ఉంచి చేయించింది. దాన్ని నేను శిక్షణ అని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే అక్కడ ఫారం లేదు, గంటల పట్టిక లేదు, నేర్పుతున్న మనిషి అమ్మ. అంతమాత్రాన నేర్పనట్టు కాదు కదా.

అలాగని ఆ చేతులకు తెలిసినదంతా సరైనదని కూడా నేను వాదించలేను. అమ్మ ఊరినుంచి ప్రేమగా కుట్టి తెచ్చిన ఆవాల దిండు మీదే మా అబ్బాయిని పడుకోబెట్టాను. ఇక్కడ పనిలో చేరిన మొదటి వారంలోనే క్రిబ్‌లో దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదని, బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీదే పడుకోబెట్టాలని నేర్పారు. 1994లో ఈ దేశంలో వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా ప్రచారం మొదలైన తరువాత, నిద్రలో కారణం తెలియకుండా జరిగే శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ సంగతి తెలిసిన రాత్రి, అప్పటికి బడికి వెళుతున్న మా వాడి మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాను.

ఆ ఫారం నన్ను ఇంతగా వేధించడానికి ఇంకొక కారణముంది. నిరుడు ఇదే బడి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. నెమ్మదైన పిల్లవాడు, చెప్పిన మాట రెండోసారి చెప్పించుకునేవాడు కాదు. అతణ్ణి నేను డైపర్ బల్ల దగ్గరికి రానివ్వలేదు. రానివ్వకూడదని ఏ నిబంధనా లేదు, నేనే పక్కనుంటాను కూడా. కానీ ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి, నాలుగేళ్ళ పిల్లలతో పాటు ఆటస్థలానికి పంపేశాను. మగపిల్లవాడికి ఆ పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని భయపడ్డాను. నెల దాటాక ఒకరోజు చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు, "నేనేమైనా తప్పు చేశానా, మిస్?" లేదన్నాను. ఆ జవాబు అతనికి సరిపోలేదని నాకు తెలుసు. ఈ విద్య ఆడపిల్లకు పుట్టుకతో వస్తుందని నేను నమ్మినందువల్ల ఒకరి శ్రమ కనబడకుండా పోయింది, ఇంకొకరికి శ్రమపడే అవకాశమే దొరకలేదు. ఈ దేశంలోనూ ఇది మొదట ఆడపిల్లల గృహవిజ్ఞానంగానే సాగింది. 1945లో 'ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా' పేరుతో మొదలైన హైస్కూల్ విద్యార్థుల సంఘం, 1999లో గృహిణి అన్న మాటను వదిలి కుటుంబం, వృత్తి, సమాజం అన్న మాటలతో పేరు మార్చుకుంది. ఆ మార్పుకు వాళ్ళకు యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

పుట్టుక అన్న మాటకు జీతంతో కూడా సంబంధముందని టీచరు అన్నారు. "పుట్టుకతో వచ్చేదానికి ఎవరూ డబ్బు ఇవ్వరు" అన్నది ఆవిడ మాట. ఈ దేశపు కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో పిల్లల సంరక్షణ చేసేవారి మధ్యస్థ వేతనం గంటకు 14 డాలర్ల 60 సెంట్లు. ఆ మాట వింటూ నేను మన అంగన్‌వాడీలను తలచుకున్నాను. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది, ఇన్నేళ్ళు గడిచినా అక్కడ పని చేసే స్త్రీలకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 42 రోజులు సమ్మె చేసినప్పుడు, ఇక్కడ మధ్యాహ్నం భోజన విరామంలో ఫోనులో ఆ వార్తలు చూస్తూ నా ఇంటి మనుషులను చూసినట్టే చూశాను. గౌరవం ఎక్కువై వేతనం తక్కువైన పని అది.

నేనూ ఆ పనిని చిన్నచూపు చూసినదాన్నే. మన దగ్గర బి.ఎడ్. చేసి ప్రైవేటు బడిలో చదువు చెప్పిన దాన్ని. భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు వచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చి కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని, 2015 నాటి కొత్త నిబంధన పుణ్యమా అని పని చేసుకునే అనుమతి చేతికి వచ్చాక, దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఊరికి ఫోను చేసినప్పుడు టీచరుగా చేరానని మాత్రమే చెప్పాను. ఎంత వయసు పిల్లలకని పిన్ని అడిగితే మాట మార్చాను. ఆయా అన్న మాట అవతలి నుంచి వినబడుతుందేమోనని భయం. మరి పదహారేళ్ళకే ఈ పనిని తన వృత్తిగా ఎంచుకుని, రెండు బస్సులు మారి వచ్చే ఈ అమ్మాయికి నేనిచ్చిన గౌరవమేమిటి? నేర్పవలసిన అవసరం లేదని రాయడమేనా?

అయినా ఒక్క విషయంలో టీచరుతో నాకు ఇంకా అంగీకారం కుదరలేదు. ఇద్దరు విద్యార్థులు ఒకే బొమ్మ మీద, ఒకే మూడు వారాలు నేర్చుకున్నా, ఒకరి భుజం మీద బిడ్డ ఒదిగిపోతుంది, ఇంకొకరి భుజం మీద బిగుసుకుపోతుంది. అది నేను కళ్ళారా చూస్తున్నాను. దానికి ఫారంలో గడి లేదు. మనకు దానికొక మాట ఉన్నందుకు నేను సిగ్గుపడను. ఆ మాట ఎక్కడ వాడాలన్నదే నాకు తెలియలేదు.

ఫారం మళ్ళీ రాశాను. ఏడు నెలల పాపకు డైపర్ మార్చేటప్పుడు ఎడమచేయి పాప పొట్ట మీద నుంచి ఒక్కసారీ తీయలేదని, కావలసినవన్నీ పాపను బల్ల మీదికి తేకముందే అమర్చుకుందని, ప్రతి కదలికకు ముందు చెప్పి, పాప స్పందన కోసం ఆగిందని, చివర పాప చేతులు కడిగాకే తన చేతులు కడుక్కుందని రాశాను. ఇచ్చిన చోటు చాలక వెనకవైపు కూడా నింపాను. సోమవారం ఒక అరగంట ముందే వెళ్ళి, బల్ల పక్కనున్న డైపర్లు, తడి తుడుపు కాగితాలు, చేతి తొడుగుల పెట్టె అన్నీ ఎడమవైపు అలమారలోకి మార్చిపెట్టాను. ఆ అమ్మాయి వచ్చి, చేతులు కడుక్కుని, పాపను ఎత్తుకోబోయి, బల్లను చూసి ఆగిపోయింది. నేను ఎందుకు మార్చానో చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"వద్దు మిస్," అంది. "ఇప్పుడు నాకు కుడివైపే అలవాటైంది. ఇటు మారిస్తే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి."

ఇద్దరం కలిసి సామానంతా మళ్ళీ కుడివైపుకు సర్దాం.