వికారి నుంచి వికారికి: నా నవల తెమిలిన తీరు

కాలప్రయాణం, ప్రేమ, పాత కొంపలో ఒక రహస్యం. ఈ మూడూ కలిపి నవల రాస్తానంటే మా ఆయన నవ్వారు. "మన కోనసీమలో రాతికోటలు ఎక్కడున్నాయి నీకు?" అన్నారు. లేవు. ఆ తరహా ఇంగ్లీషు కథల్లో కనిపించే మంచు కమ్మిన కొండా, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగే తెల్లగౌనూ మన దగ్గర పెడితే అతకవు కూడా. కానీ భయానికి కోటే కావాలని ఎవరన్నారు? ముసురు పట్టినప్పుడు పాత మండువా లోగిలిలో ఒక్కరూ పడుకుని చూడండి. నాలుగు వైపుల నుంచీ పెంకు మీద జారిన నీళ్ళు మండువాలో పడుతుంటాయి. ఒక్కో మూల ఒక్కో చప్పుడు. కాసేపటికి ఆ చప్పుళ్ళలో ఎవరో కాళ్ళు కడుక్కుంటున్నట్టు వినిపిస్తుంది. తూము పూడిందంటే నీళ్ళు మెల్లగా పైకొచ్చి, తెల్లారేసరికి పడసాల అంచు దగ్గర నిలబడి ఉంటాయి. ఎవరూ తలుపు తియ్యని గది ఒకటి ఎలాగూ ఉంటుంది, సామాన్ల గదనే పేరుతో.

అమలాపురం చుట్టుపక్కల ఇలాంటి లోగిళ్ళు విప్పి కర్ర అమ్మేస్తున్నారు. విప్పుతున్న చోటికి వెళ్తే ఇల్లు ఎముకలతో సహా కనిపిస్తుంది. అలా ఒకచోట దూలం దింపుతుంటే నిలబడ్డాను. దాని అడుగున వేలు దూరేంత బెజ్జాలు వరసగా ఉన్నాయి, ఏ మేకుకీ ఏ చీలకీ సంబంధం లేకుండా.

"ఇదేంటండీ మేస్త్రీగారూ?"

"ఓడ కర్రంటారండి దీన్ని. ఇంటి పనికి ఇలా బెజ్జం వెయ్యరండి."

చెయ్యి పెడితే తడిగా ఉంది. వాన పడలేదు కదా అన్నాను. "ఉప్పు తిన్న కర్రండి, మబ్బేస్తే చాలు చెమటోడుతుంది. ఆయ్" అన్నాడు. వేలు నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగానే ఉంది.

మేస్త్రీ చెప్పింది నిజమైనా కథైనా నాకు ఒకటే. నవలకి గుమ్మం దొరికింది. కోరంగి, తాళ్ళరేవు వైపు ఓడలు కట్టడం పాత విద్య. కోరంగి ఎంత పేరున్న రేవంటే, బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఆ రేవులో పగిలిన ఓడ దూలం ఒకటి లోపలి ఊళ్ళో ఎవరింటి కప్పుకో చేరితే? అది చెమటోడ్చిన రాత్రి నాయిక దాని కింద పడుకుంటే?

కాలప్రయాణం కథల్లో నాకు చిరాకు తెప్పించేది యంత్రం. మీట నొక్కితే వెళ్ళిపోవడం, బ్యాటరీ అయిపోతే ఇరుక్కుపోవడం. మనకి యంత్రం ఎందుకండీ, పంచాంగం ఉండగా? మన తెలుగు ఏడాదికి అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. 2019లో వచ్చింది వికారి. వెనక్కి లెక్కేస్తే 1959, 1899, 1839 కూడా వికారులే. దారి తెరుచుకునేది వికారి నుంచి వికారికే, ఆ ఏడాది గడువు లోపలే. ఉగాది దాటితే మూతపడుతుంది. ఈ నియమం కుదిరాక కథ తన కాళ్ళ మీద తను నడిచింది.

1839నే ఎందుకు ఎంచుకున్నానో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఏడాది నవంబరు 25న కోరంగిని సముద్రం ముంచేసింది. నలభై అడుగుల ఎత్తున నీరు లేచిందని చెబుతారు. అంతకు యాభై ఏళ్ళ ముందు, 1789లో, ఒకసారి మునిగి తేలిన రేవు అది. ఈ రెండో దెబ్బతో ఇక కోలుకోలేదు. తేదీ పట్టుకుని వారం లెక్కగట్టాను. సోమవారం వచ్చింది. నెల చూస్తే కార్తీకం. కార్తీక సోమవారం! ఉపవాసాలుండి, ఏట్లో మునిగి, దీపాలు వదిలే రోజు. ఒళ్ళు జలదరించింది. ఇలాంటి రాత్రికి అమావాస్య చీకటి పెట్టాలనిపిస్తుంది ఎవరికైనా. కానీ పౌర్ణమి వెళ్ళి అప్పటికి నాలుగు రోజులే. మబ్బు చాటున చంద్రుడున్నాడు. అలాగే ఉంచాను, అదే ఎక్కువ భయంగా ఉంది.

తర్వాత ఆ కాలంలో ఏం లేవో చూసుకోవాలి. కోనసీమ అనగానే మన కలం ముందు కాలవ రాసేస్తుంది, కాలవ గట్టున కొబ్బరిచెట్లు, కాలవలో పడవ. 1839లో ఆ కాలవలేవీ? కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. నాయిక దిగేది అంతకు ముందు డెల్టాలోకి. వరదొస్తే కొట్టుకుపోవడం, వానలు లేకపోతే మాడిపోవడం. ఆరేడేళ్ళ కిందటే నందన కరువు చూసిన జనం. పచ్చటి వరిచేల కోసం ఆమె చుట్టూ చూసి, ఊరు మారిపోయిందేమో అనుకుంటుంది. కిరసనాయిలు దీపం లేదు, ఆముదం దీపమే. టీ లేదు. ఈ టీ లేకపోవడం మీద ఒక పేజీ రాసి కొట్టేశాను, తలనొప్పితో ప్రేమ నడవట్లేదు.

రహస్యానికి ఆయువుపట్టు తాటాకు. ఈ భాగం రాస్తున్నన్నాళ్ళూ నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. సామాన్ల గదిలో భోషాణం, అందులో కరణం గారి కవిలె కట్ట. లెక్కల ఆకుల మధ్య ఒక ఖాళీ ఆకు. గంటంతో గీసిన రాత మసి పుయ్యందే సరిగా కనబడదు. నాయిక ఆకుని పక్కకి వంచుతుంది, వెలుతురులో సన్నగా గీతలేవో మెరుస్తాయి. హ్యాండ్‌బ్యాగులో కాటుక డబ్బీ ఉంటుంది. వేలితో రాసి, చీర కొంగుతో తుడుస్తుంది. పైనున్న నలుపు పోయి, గీతల్లో దిగిన నలుపు మిగులుతుంది. ఒక్కో అక్షరం లేస్తుంది. 'వికారి కార్తీకం, నీ కోసం చూస్తాను.' అంతే. కింద పేరు లేదు.

ఏ వికారి? అక్కడ పాఠకుల్ని బాగా తిప్పాను. నాయిక ముందు 1959 అనుకుంటుంది. అంటే వాళ్ళ అమ్మమ్మ పడుచుదనం. నవల పత్రికలో వారం వారం సీరియల్‌గా వస్తుండగా, పాపం ఆ పెద్దావిడని మూడు వారాల పాటు అనుమానించారు పాఠకులంతా. "మీ అమ్మమ్మ గారు అలాంటివారు కాదమ్మా" అంటూ నాకు ఫోన్లు. తర్వాత అదే కట్టలో లెక్క ఆకు మీద ఫసలీ 1249 కనిపిస్తుంది. భూమి కాగితాలు చూసినవాళ్ళకి ఫసలీ తెలుసు, శిస్తు లెక్కలకి వాడే ఏడాది అది. దానికి 590 కలిపితే 1839.

ప్రేమ దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, మెడలో తాళి లేదు, జుట్టు విరబోసుకుని ఉంది, ముసురు రాత్రి దూలం కింద ప్రత్యక్షమైంది. ఆ రోజుల్లో ఆమెని ఏమనుకుంటారు? దయ్యం అనుకుంటారు. అలా అనుకోవడమే నా కథకి కీలకమైంది. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా భయపడుతూ వచ్చిన ఆడదయ్యం ఎవరో కాదు, వెళ్ళొస్తున్న నాయికే. దయ్యం కాదని తేలినా ముప్పు తప్పదు, ఆ వయసులో తాళి లేదంటే విధవ కిందే లెక్క. రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. దానికి ఇంకా నలభై ఏళ్ళుంది.

నాయకుడు ఓడల వడ్రంగి. మొదటిసారి చూసి దణ్ణం పెట్టి "తల్లీ, నన్నొదిలెయ్" అంటాడు. అలా పిలిచేవాడితో ప్రేమ ఎలా నడపాలి చెప్పండి! నాలుగు అధ్యాయాలు తల్లీ, తల్లీ అంటూనే ఉన్నాడు. చివరికి ఓ రోజు ఆమెకి వేడి గంజి తెచ్చి ముందు పెట్టి "ఇదిగో" అంటాడు. అంతే, అక్కణ్ణుంచి ఇదిగో అనే. కౌగిలింతలు రాయలేదేమని అడిగిన వాళ్ళున్నారు, వాళ్ళకి ఈ గంజి సీను మళ్ళీ చదవమని చెప్పాను.

అందరూ అడిగిన ప్రశ్న, తుఫాను తేదీ తెలిసీ ఆవిడ ఎందుకు చెప్పలేదని. చెప్పింది. రేవు దాకా వెళ్ళి చెప్పింది. దయ్యం నోటి మాట విని ఓడలు ఎవరు ఖాళీ చేస్తారు? పైగా, దయ్యం రేవు మీదికి వచ్చిందని శాంతి చేయించడానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ సోమవారం ఇంకా ఎక్కువమంది అక్కడికి చేరతారు. ఈ ముక్క రాసి రెండు రోజులు కలం ముట్టలేదు. ప్రేమకథ కదా, ఇంత చేదు వద్దండీ అన్నారు సీరియల్ వేసుకున్న పత్రిక వాళ్ళు. ఈ ఒక్కటీ మార్చనన్నాను. బదులుగా వాళ్ళడిగినట్టు ప్రతి వారం చివరా ఓ తలుపు చప్పుడు పెట్టి ఇచ్చాను. మహా విసుగు ఆ తలుపుతో.

ముగింపు నేను కల్పించక్కర్లేకపోయింది. వికారి అయిపోయి శార్వరి ఉగాది వచ్చింది 2020 మార్చి 25న. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. తడి బట్టలతో బయటికొచ్చిన నాయికకి రోడ్డు మీద మనిషి లేడు. బస్సు లేదు. మూతికి గుడ్డ కట్టుకున్న కానిస్టేబుల్ లాఠీ ఊపుతూ ఇంట్లోకి పొమ్మంటున్నాడు. ఏ వికారిలో దిగానో అనుకుంటుంది. అతను మాత్రం రాలేదు. బతికాడని ఆమెకి తెలిసేది దూలం మీది బెజ్జాల్ని బట్టి. ఆమె వెళ్ళాక నెలకొకటి చొప్పున వేసినవి. లెక్కపెడితే పదకొండేళ్ళకి సరిపోయాయి.

రెండో భాగం రాయమని ఒకటే గొడవ. వికారి మళ్ళీ వచ్చేది 2079లో, అంతవరకూ నేనెలాగూ ఉండను. కానీ 1899 వికారి ఒకటి వాడకుండా మిగిలుంది. అప్పటికి ఆనకట్ట వచ్చి యాభై ఏళ్ళు కావస్తుంది, కాలవల్లో పడవలు తిరుగుతుంటాయి. ఆ పడవలో ఎవర్ని ఎక్కించాలో ఇంకా తేల్చుకోలేదు.